బలం వేరు, బిరుసు వేరు: మౌంటెన్ బైక్‌కు చేత్తో కట్టే స్టీల్ ఫోర్క్

మౌంటెన్ బైక్ మీద స్టీల్ ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని రెండు కాళ్లతో పట్టుకునే భాగం, దెబ్బతినే చోట్లు ప్రధానంగా రెండు. ఒకటి, ఫ్రేమ్‌లో ఫోర్క్‌ను తిరగనిచ్చే హెడ్‌సెట్ కింది బేరింగ్ కూర్చునే చోట, హ్యాండిల్‌ను మోసే స్టీరర్ గొట్టం, రెండు కాళ్లనూ కలిపే క్రౌన్‌లోకి దిగే ఆ మూడు నాలుగు సెంటీమీటర్లు. రెండోది, ఎడమ కాలి మీద డిస్క్ బ్రేక్ క్యాలిపర్ (చక్రంతో తిరిగే రోటర్ పళ్లేన్ని పట్టి ఆపే భాగం) బిగించే దిమ్మకు కాస్త పైన. ఫోర్క్ కట్టినవాళ్ల పనితనం ఈ రెండు చోట్లే బయటపడుతుంది. గొట్టం ఏ కంపెనీది, వెల్డింగ్ వరస ఎంత ముచ్చటగా వచ్చింది అన్నవి ఆ తర్వాతి మాటలు.

ఎందుకలా అంటే, ఫోర్క్ పనిచేసే తీరు గోడలోంచి పొడుచుకొచ్చిన సజ్జ తీరే. సజ్జ చివర బరువు పెడితే పగులు చివర రాదు, గోడను అంటిన మొదట్లో వస్తుంది. ఫోర్క్‌కు ఫ్రేమ్ గోడ, ఇరుసు సజ్జ చివర. రాయి తగిలి చక్రం వెనక్కి తోసుకున్నప్పుడు ఫోర్క్‌ను వంచే బల భ్రామకం ఇరుసు దగ్గర సున్నా. అక్కడి నుంచి పైకి పోయేకొద్దీ సమానంగా పెరుగుతూ కింది బేరింగ్ దగ్గర శిఖరానికి చేరుతుంది. ఆ పైన స్టీరర్‌లో పై బేరింగ్ వరకు మళ్లీ తగ్గుతుంది. మంచి స్టీరర్ గొట్టాల గోడ అడుగున మందంగా, పైన పల్చగా ఉండడానికి కారణం ఇదే. మామూలుగా వాడే 28.6 మి.మీ. స్టీరర్‌కు అడుగున 2.3 మి.మీ. మందం, పైన 1.6 మి.మీ. మందం ఉందనుకుంటే, లోహం ఎక్కడ కావాలో అక్కడే ఉన్నట్టు లెక్క.

ఇప్పుడు కొన్ని అంకెలు చూడాలి. సైకిళ్ల భద్రతకు సంబంధించిన ఐఎస్ఓ 4210 ప్రమాణంలో మౌంటెన్ బైక్ ఫోర్క్‌కు ఒక అలసట పరీక్ష ఉంది. ఇరుసు దగ్గర 650 న్యూటన్ల బలంతో ముందుకూ వెనక్కూ మార్చి మార్చి 1,00,000 సార్లు వంచాలి, పగులు రాకూడదు. ఇరుసు నుంచి క్రౌన్ వరకు 480 మి.మీ. ఉన్న ఫోర్క్‌లో ఆ బలం బేరింగ్ దగ్గర సుమారు 312 న్యూటన్-మీటర్లు అవుతుంది. పైన చెప్పిన స్టీరర్ అడుగు భాగంలో దాని వల్ల పుట్టే ఒత్తిడి దాదాపు 270 మెగాపాస్కళ్లు. నార్మలైజ్ చేసిన, అంటే వేడిచేసి గాలిలో చల్లార్చిన, 4130 క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిసిన స్టీల్) తెగే బలం 670 మెగాపాస్కళ్ల దరిదాపుల్లో ఉంటుంది. స్టీల్ నునుపుగా ఉంటే అందులో సగం, అంటే 335 వరకు, ఎన్నిసార్లు వంచినా అలసిపోకుండా మోయగలదని ఇంజనీర్ల మోటు లెక్క. 270కీ 335కీ మధ్య ఉన్న ఆ సందే తయారీదారు చేతిలో ఉన్న మొత్తం వెసులుబాటు. వెల్డ్ అంచున చిన్న గాడి పడినా, ఆకురాయి గీత అడ్డంగా మిగిలినా, గాలి కోసం వేసిన రంధ్రం తప్పు చోట పడినా ఆ వెసులుబాటు హరించుకుపోతుంది.

ఇక్కడ చాలామందికి తట్టే పరిష్కారం లావు కాళ్లు. దీన్ని కాస్త ఓపిగ్గా పరిశీలించాలి, ఎందుకంటే స్టీల్ ఫోర్కుల విషయంలో జరిగే అతి పెద్ద పొరపాటు ఇక్కడే ఉంది.

గొట్టం వంపును తట్టుకునే బలం, గోడ మందం మారనప్పుడు, వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. బిరుసుతనం, అంటే వంగకుండా మొరాయించే గుణం, వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 25.4 మి.మీ. వ్యాసం, 1.2 మి.మీ. మందం ఉన్న కాళ్లు రెండూ కలిసి మోసేది, పైన లెక్కేసిన స్టీరర్ అడుగు భాగం మోసేదానికి దాదాపు సమానం. ఇది పొందికైన జత. వాటి బదులు 31.8 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. మందం ఉన్న కాళ్లు పెడితే బరువు 6 శాతమే పెరుగుతుంది, కాళ్ల బలం 37 శాతం పెరుగుతుంది, బిరుసుతనం ఏకంగా 72 శాతం పెరుగుతుంది. కాగితం మీద లాభసాటి బేరం. కానీ స్టీరర్ మాత్రం పాతదే! కాళ్లు ఎంత బలిసినా దాని బలం వీసమెత్తు పెరగలేదు.

పైగా దాని మీద పడే దెబ్బ పెరిగింది. రాయికి గుద్దుకున్నప్పుడు ఫోర్క్ కొంత శక్తిని వంగి మింగాలి. తక్కువ వంగేది అదే శక్తిని మింగాలంటే ఎక్కువ బలాన్ని భరించాలి. బిరుసుతనం 72 శాతం పెరిగి, శక్తినంతా కాళ్లే మింగాల్సి వస్తే, గరిష్ఠ బలం 31 శాతం పెరుగుతుంది. టైరు, చక్రం, స్టీరర్ కూడా తలా కాస్త పంచుకుంటాయి కాబట్టి నిజంలో అంత ఉండదు, అయినా దిశ మాత్రం అదే. లావు కాళ్ల ఫోర్క్ చేతికి గట్టిగా అనిపిస్తుంది, అయితే అది తన దెబ్బలన్నిటినీ తెచ్చి స్టీరర్ మొదట్లో పోస్తుంది. బలమైన ఫోర్క్ అంటే బిరుసైన ఫోర్క్ కాదు. ఇరుసు నుంచి బేరింగ్ వరకు ప్రతి అంగుళమూ తన వంతు వంగే ఫోర్క్.

పాత ఫోర్కుల కాళ్లు పైన లావుగా, కింద సన్నగా ఉండేది ఇందుకే. పైకి పోయేకొద్దీ పెరిగే భారానికి పైకి పోయేకొద్దీ పెరిగే గొట్టం. గొట్టాన్ని సన్నగా సాగదీసేటప్పుడు వ్యాసం తగ్గి గోడ మందం కావడం లోహపు సహజ గుణం. దాన్ని ముందే ఊహించి కింది భాగంలో పల్చని గోడతో మొదలుపెట్టే పద్ధతిని రేనాల్డ్స్ వంటి గొట్టాల కంపెనీలు ఏనాడో కనిపెట్టాయి. ఇక కాళ్లను ముందుకు వంచితే ఎగుడుదిగుళ్లు మెత్తబడతాయన్న నమ్మకం ఉంది. నిజానికి మెత్తదనంలో ఎక్కువ పాలు కింది సన్నని గొట్టానిది. క్రౌన్ దగ్గరే వాలు పెట్టి నిటారు కాళ్లు బిగించినా, గొట్టం అదే అయితే, అనుభవంలో తేడా స్వల్పం.

మౌంటెన్ బైక్ పుట్టుకలోనే ఈ బాధ ఉంది. కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో, ఫేర్‌ఫాక్స్ దగ్గరి మట్టి కొండదారి మీద 1976లో రీప్యాక్ పందేలు మొదలైనప్పుడు కుర్రాళ్లు వాడినవి ష్విన్ ఎక్సెల్సియర్ లాంటి పాత బరువు సైకిళ్లు. ఒక్క దిగుడుతోనే వెనక హబ్ బ్రేకులోని గ్రీజు కాలిపోయేది, మళ్లీ నింపాల్సి వచ్చేది. రీప్యాక్ అన్న పేరే అలా వచ్చింది. 1977లో జో బ్రీజ్ ఈ పని కోసమే క్రోమోలీ గొట్టాలతో కొత్త ఫ్రేములు కట్టడం మొదలుపెట్టాడు. 1989లో రాక్‌షాక్స్ ఆర్ఎస్-1 సస్పెన్షన్ ఫోర్క్ (కుదుపులకు లోపలికి దిగే ఫోర్క్) వచ్చాక, అలా దిగని గట్టి ఫోర్క్ పక్కకు జరిగినా పూర్తిగా పోలేదు. దూర ప్రయాణాలకు, బురదకు, సీళ్లూ ఆయిలూ మార్చే తీరిక లేని చోట్లకు ఇప్పటికీ దాన్ని కోరేవాళ్లున్నారు.

అసలు మర్మం క్రౌన్‌లో ఉంది.

యూనిక్రౌన్ అన్నిటికన్నా సులువు. రెండు కాళ్ల పై భాగాలను లోపలికి వంచి, చేప నోరులా కోసి, స్టీరర్‌కు ఇరువైపులా ఆనించి వెల్డ్ చేస్తారు. బీఎంఎక్స్ సైకిళ్ల (మట్టి ట్రాకు పందేలకు వాడే చిన్న చక్రాల సైకిళ్ల) మీద కండ చూపించిన ఈ పద్ధతి 1980లలో మౌంటెన్ బైకులను ముంచెత్తింది. సరిగా చేస్తే చాలా బలమైనదే. కాకపోతే వెల్డింగ్ అంచు, ఒత్తిడి శిఖరం ఒకేచోట పడతాయి. వెల్డ్ అంచులో పల్చని గాడి, దాని పక్కనే వేడికి గుణం మారిన లోహం, ఆ పక్కనే మారని లోహం: ఇన్ని మార్పులు రెండు మూడు మిల్లీమీటర్లలో. అందుకే యూనిక్రౌన్ చేసేవాళ్లలో జాగ్రత్తపరులు స్టీరర్ లోపల అడుగున అదనపు తొడుగు పెడతారు, లేదా అక్కడ మరింత మందమైన స్టీరర్ ఎంచుకుంటారు.

రెండో దారి, స్టీరర్‌ను క్రౌన్ గుండా పూర్తిగా కిందికి దింపడం. పోత పోసిన క్రౌన్ కావచ్చు, దిమ్మలోంచి లేత్ మీద చెక్కినది కావచ్చు, రెండు పలకలను ఒకదాని కింద ఒకటి పెట్టి నడుమ ఖాళీ ఉంచిన బైప్లేన్ కావచ్చు. అన్నిటి సూత్రం ఒకటే: గొట్టం రంధ్రంలోంచి దూరి అవతలికి వస్తుంది, దాని చుట్టూ కరిగిన ఇత్తడి పాకి అతుకుతుంది (దీన్నే బ్రేజింగ్ అంటారు). అతుకు పట్టు అంచు మీద గాక, గొట్టం చుట్టుకొలత మొత్తం మీద, కొన్ని సెంటీమీటర్ల పొడవునా ఉంటుంది. కత్తిరింపు బలం అంత వైశాల్యం మీద పంచుకున్నాక అతుకు ఊడే ప్రశ్న దాదాపు ఉండదు. బైప్లేన్‌లో అదనపు సుగుణం ఏమిటంటే రెండు పలకలు దూరంగా ఉండడం వల్ల మెలితిప్పే బలాన్ని బాగా తట్టుకుంటుంది. ఇంట్లో పనిచేసే మనిషికి పోత క్రౌన్ దొరకనప్పుడు ఇది నమ్మదగిన దారి. అయితే పలక పై అంచు స్టీరర్‌ను కోసినట్టు నిటారుగా ఆగకూడదు. అక్కడ ఇత్తడిని నున్నని ఒంపుగా పోయాలి, పలక అంచును పల్చగా అరగదీయాలి. మందం నుంచి పల్చదనానికి మెట్టు దిగినట్టు కాక వాలులా దిగాలి.

సెగ్మెంటెడ్ ఫోర్క్ ఈ రెండిటికీ మధ్యది. స్టీరర్ అడుగున అడ్డంగా లావు గొట్టపు ముక్కలు, వాటికి నిటారు కాళ్లు. కాళ్లను వంచే యంత్రం అక్కర్లేదు, చక్రానికీ టైరుకూ కావాల్సినంత వెడల్పు ఇచ్చుకోవచ్చు. కానీ కోతలు ఎక్కువ, ప్రతి కోతా బిగుతుగా అమరాలి. కోత వదులైతే ఆ ఖాళీని ఇత్తడితో గానీ వెల్డ్ తీగతో గానీ పూడ్చాలి, పూడ్చిన చోట బలం ఉండదు. టార్చ్ పట్టే గంట కన్నా ఆకురాయి పట్టే మూడు గంటలే ఫోర్క్ ఆయువును నిర్ణయిస్తాయి.

డిస్క్ బ్రేక్ రావడంతో, కాళ్లు పైన లావు, కింద సన్నం అన్న చక్కని ఏర్పాటు తలకిందులైంది. రిమ్ బ్రేక్ ఉన్న రోజుల్లో బ్రేక్ పట్టు క్రౌన్‌కు దగ్గరగా, కాళ్లు లావుగా ఉన్న చోట ఉండేది. డిస్క్ దాన్ని ఎక్కడ కాలు అన్నిటికన్నా సన్నగా ఉందో అక్కడికి, అదీ ఒక్క ఎడమ కాలికే, తెచ్చి తగిలించింది. గట్టిగా పట్టిన ముందు బ్రేకు నేల మీద 500 న్యూటన్ల బలం చూపుతోందనుకుందాం. 29 అంగుళాల చక్రం వ్యాసార్ధం సుమారు 0.37 మీటర్లు, కాబట్టి ఎడమ కాలిని మెలిపెట్టే భ్రామకం 185 న్యూటన్-మీటర్లు. 160 మి.మీ. రోటర్ మీద ప్యాడ్లు పట్టే చోట ఇది దాదాపు 2,570 న్యూటన్లు, అంటే 260 కిలోల బరువు క్యాలిపర్‌ను పైకి ఎత్తుతున్నట్టు.

రోడ్డు సైకిల్ ఫోర్క్‌లా కింద 16 మి.మీ. వ్యాసం, 1.2 మి.మీ. మందానికి సన్నబడిన కాలు అయితే ఆ 185 న్యూటన్-మీటర్లు పుట్టించే ఒత్తిడి 960 మెగాపాస్కళ్లకు చేరుతుంది. నార్మలైజ్ చేసిన క్రోమోలీ అంతకు చాలా ముందే, 435 దగ్గరే, శాశ్వతంగా వంగిపోతుంది. అదే 25.4 మి.మీ. వ్యాసంతో కిందిదాకా వచ్చిన కాలైతే ఒత్తిడి 350. అందుకే డిస్క్ కోసం చేసిన కాళ్లు కింది దాకా లావుగానే వస్తాయి, ఫలితంగా ఫోర్క్ బిరుసెక్కుతుంది. ఇది తప్పించుకోలేని రాజీ. కొందరు కుడి కాలిని సన్నగా, ఎడమ కాలిని లావుగా పెట్టి చూస్తారు. బరువు తగ్గుతుంది గానీ బంపులమీద చక్రం పక్కకు ఒరిగే ప్రమాదం తెచ్చుకున్నట్టవుతుంది. మరింత మంచి దారి, క్యాలిపర్ దిమ్మ పాదాన్ని పొడవుగా చేసి భారాన్ని గొట్టం మీద విస్తరించడం, దాని పై కొన సూదిలా సన్నబడేట్టు ఆకురాయితో రాయడం. దిమ్మ పై కొన మొద్దుగా ఆగిన చోటే పగులు మొదలవుతుంది.

ఇంకో ప్రమాదం ఇరుసు దగ్గర ఉంది. క్యాలిపర్ కాలి వెనక ఉంటుంది, అక్కడ రోటర్ పైకి కదులుతుంది. క్యాలిపర్‌ను పైకి తోసినంత బలమూ ఇరుసును కిందికి తోస్తుంది. డ్రాపవుట్ (ఇరుసు కూర్చునే గాడి) నోరు కిందికి తెరుచుకుని ఉంటే బ్రేక్ పట్టినప్పుడల్లా చక్రాన్ని బయటికి లాగినట్టే. క్విక్ రిలీజ్ (మీటతో బిగించే సన్నని ఇరుసు) బిగింపు మీద మాత్రమే ఆధారపడడం మంచిది కాదు. డ్రాపవుట్ నోటిని ముందువైపుకు తిప్పడం, అంచున అడ్డు పళ్లు ఉంచడం కొంతవరకు సాయం. 15 మి.మీ. త్రూ యాక్సిల్ (కాళ్ల రంధ్రాల గుండా దూర్చే ఇరుసు) అయితే రంధ్రం మూసుకుని ఉంటుంది కాబట్టి సమస్యే లేదు. పైగా ఆ లావు ఇరుసు రెండు కాళ్లనూ కట్టిపడేసి బ్రేక్ మెలికలో కొంత భాగాన్ని కుడి కాలికి చేరవేస్తుంది. కొత్తగా కట్టే ఫోర్క్‌కు డిస్క్ పెడుతుంటే త్రూ యాక్సిల్ తప్పనిసరి అనుకోవడమే సబబు.

లోహం గురించి కూడా కొంత అపోహ ఉంది. స్టీల్ ఏ రకమైనా దాని బిరుసుతనం ఒకటే, సుమారు 205 గిగాపాస్కళ్లు. ఖరీదైన గొట్టం వల్ల ఫోర్క్ బిరుసుగా గానీ మెత్తగా గానీ మారదు, వంగి తిరిగి రాగల హద్దు మాత్రం పెరుగుతుంది. 4130లో కర్బనం 0.28 నుంచి 0.33 శాతం, క్రోమియం 0.8 నుంచి 1.1 శాతం, మాలిబ్డినం 0.15 నుంచి 0.25 శాతం. ఈ పాళ్ల వల్ల అది బలంగా ఉంటూనే టార్చ్ కింద ఓర్పుగా ఉంటుంది. విరిగే ముందు బాగా సాగుతుంది కూడా. ఫోర్క్‌కు ఇంతకన్నా కావాల్సిన గుణం లేదు: ఒక్క పెద్ద దెబ్బకు పుటుక్కున విరిగేది కాదు, వంగి నిలబడేది కావాలి.

వేడి విషయంలో టిగ్ (ఆర్గాన్ వాయువు రక్షణలో విద్యుత్ మంటతో చేసే వెల్డింగ్), బ్రేజింగ్ రెండూ మంచివే, రెండూ తప్పుగా చేస్తే చెడ్డవే. టిగ్‌లో లోపలి వైపు ఆర్గాన్ నింపకపోతే వెల్డ్ అడుగు ఆక్సిజన్ తగిలి గరకుగా గడ్డకడుతుంది. బయటికి కనిపించదు, పగులు మాత్రం అక్కడి నుంచే రావచ్చు. ఇత్తడి బ్రేజింగ్‌కు 900 డిగ్రీల సెల్సియస్ దరిదాపులు కావాలి. బరువైన క్రౌన్ వేడిని మింగుతూనే ఉంటుంది, పల్చని కాలు ఈలోపు ఎర్రబడిపోతుంది. అందుకే మంటను ఎప్పుడూ మందమైన లోహం మీద ఉంచి, ఆ వేడికి ఇత్తడి పల్చని వైపు పాకేలా చూడాలి. చాలామందికి తెలియని చిక్కు మరొకటి ఉంది. గొట్టాన్ని జిగ్‌లో (ముక్కలను పట్టి ఉంచే చట్రంలో) బలవంతంగా లాగి బిగించి బ్రేజ్ చేస్తే, సాగుడులో ఉన్న స్టీల్ రేణువుల సందుల్లోకి కరిగిన ఇత్తడి చొరబడి చీల్చగలదు. ముక్కలు ఒత్తిడి లేకుండా వాటంతట అవే కూర్చోవాలి. పని అయ్యాక నీళ్లు పోసి చల్లార్చకూడదు. క్రోమోలీని ఎర్రగా ఉండగా తడిపితే గాజులా పెళుసెక్కుతుంది. నిశ్చలమైన గాలిలో దానంతట అది చల్లారాలి. ఇత్తడి తగిలిన చోట తర్వాత ఎప్పుడూ టిగ్ వెల్డ్ చేయకూడదు.

మూసుకుపోయిన గొట్టంలో వేడెక్కిన గాలి ఎటో ఒకటు బయటపడాలి, లేకపోతే కరిగిన ఇత్తడిని ఊదేస్తుంది. గాలి రంధ్రం కాలి లోపలి వైపు, అంటే చక్రం ఉండే పక్కన, ఇరుసుకు దగ్గరగా వేస్తే వంపు ఒత్తిడి దాని మీద అతి తక్కువ. డిస్క్ ఉన్న ఎడమ కాలికైతే దిమ్మ పాదానికి కింద వేయాలి, పైన కాదు. కాలి ముందు ముఖం మీద, క్రౌన్ కింద వేసిన రంధ్రం పగులుకు పుట్టినిల్లు. అదే రంధ్రంలోంచి తర్వాత తుప్పు నిరోధక నూనె పోయవచ్చు.

కొలతల్లో ఒకటి బలాన్ని నేరుగా తాకుతుంది: పొడవు. సస్పెన్షన్ ఫోర్క్ కోసం గీసిన ఫ్రేముకు గట్టి ఫోర్క్ కడితే, ఆ సస్పెన్షన్ మనిషి కూర్చున్నప్పుడు ఎంత దిగుతుందో అంత తగ్గించి కొలవాలి. 100 మి.మీ. కదిలే ఫోర్క్ సాధారణంగా 20 నుంచి 25 మి.మీ. దిగుతుంది. ఆ మేరకు పొడవు తగ్గించకపోతే హెడ్ కోణం, అంటే స్టీరర్ నేలతో చేసే కోణం, ఒక డిగ్రీ దాకా పడుకుంటుంది, హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతుంది. పైగా ప్రతి మిల్లీమీటరూ సజ్జను పొడిగించడమే. 480 నుంచి 510 మి.మీ.కు పెంచితే స్టీరర్ మీద భారం 6 శాతం పెరుగుతుంది, దాంతో 270 కాస్తా 287కి పోతుంది. 335 హద్దు మాత్రం కదలదు. అంత పొడవైన ఫోర్క్ తప్పనిసరైతే అడుగున 38.1 మి.మీ.కు విస్తరించే టేపర్ స్టీరర్ వైపు వెళ్లాలి. మందం అంతే ఉంచినా దాని బలం 28.6 మి.మీ. గొట్టానికి 1.75 రెట్లకు పైనే ఉంటుంది, అదీ ఒత్తిడి శిఖరానికి చేరే చోటే.

మొదటి ఫోర్క్ కట్టినవాళ్లు దాన్ని బైక్‌కు బిగించకుండా ఉండడం మేలు. ఫ్లక్స్‌ను (బ్రేజింగ్‌కు ముందు లోహానికి పూసే రసాయనాన్ని) వేడి నీళ్లలో కరిగించి, క్రౌన్‌ను హ్యాక్సా రంపంతో నిలువుగా రెండు ముక్కలు చేయాలి. కోసిన ముఖాన్ని ఆకురాయితో నునుపు చేస్తే స్టీరర్‌కూ క్రౌన్‌కూ మధ్య పసుపు గీత కనిపిస్తుంది. ఆ గీత పై నుంచి కింది దాకా తెగకుండా ఉంటే వేడి సరిగా చేరినట్టు. మధ్యలో నల్లగా ఫ్లక్స్ చిక్కుకుని ఉంటే, బయట ఎంత చక్కని ఒంపు వచ్చినా, లోపల అతుకు లేదు. రెండో ఫోర్క్‌కు మంట ఏ వైపు ఎంతసేపు ఉంచాలో ఆ నల్ల మచ్చే చూపిస్తుంది.